ఎవరి ప్రార్థనకు ఆమేన్

ఒమాన్‌లో, ఘుబ్రాలోని మా ఫ్లాట్‌లో ఒక గదికి మేమిద్దరం. ఇద్దరం నర్సులమే. నాది ఏలూరు, ఆ అమ్మాయిది కాకినాడ. నాకంటే చాలా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. డ్యూటీకి వెళ్ళేముందు తలుపు దగ్గర చేతులు పట్టుకుని ఒకరు ప్రార్థన చేస్తే ఇంకొకరు ఆమేన్ అనడం మా అలవాటు. కింద బస్సువాడు హారన్ మోగించి చంపుతున్నా సరే, ఆ నాలుగు ముక్కలు చెప్పుకోనిదే మెట్లు దిగేవాళ్ళం కాదు.

ఈ ఏడాది ఎండలు ముదిరేవేళకు ఆమె అల్ ఖౌద్‌లో ఒకరింట్లో జరిగే ప్రార్థన కూటానికి వెళ్ళడం మొదలుపెట్టింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు లేరట, యేసు ఒక్కడే ఆ మూడూనట. పాస్టరైన వాళ్ళ నాన్న చేతుల మీదుగా పొందిన బాప్తిస్మం చెల్లదని, కేవలం యేసు నామంలో మళ్ళీ పొంది వచ్చింది. తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండింది.

"అయితే మీ నాన్న ఇచ్చింది ఉత్త స్నానమా?" అన్నాను.

"అలా అనకక్కా," అంది. అంతే.

ఇక్కడ వారం సెలవు శుక్రవారమే, ఆ రోజు ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచారు. "త్రిత్వాన్ని కాదన్నవాళ్ళు క్రైస్తవులే కాదు సిస్టర్. ఒకే గదిలో ఉండండి, కలిసి వండుకోండి, తప్పులేదు. ప్రార్థన మాత్రం వద్దు. ఆమేన్ అన్నారంటే వాళ్ళ బోధకి ఒప్పుకున్నట్టే."

నా నమ్మకమూ త్రిత్వమే, అందులో ఇప్పటికీ మార్పు లేదు. మర్నాటినుంచి ఆమెకంటే ముందే చెప్పులేసుకుని దిగిపోయాను. ఆమె ఎందుకని అడగలేదు. అడిగితే దెబ్బలాడి తేల్చుకునేదాన్ని, నా నోరు అలాంటిది. అడగకపోయేసరికి బాధ నాలోనే ఉండిపోయింది.

ఇంతలో ఆమెకు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ మా ఆస్పత్రిలోనే. మా వార్డు ఇన్‌ఛార్జి ఒమానీ ఆవిడ. ఆ రోజు నా డ్యూటీ మార్చేసి, "మీరిద్దరూ మసీహీలే కదా, దగ్గరుండి దువా చెయ్యి" అంది హిందీలో. క్రైస్తవులమని చెప్పుకునే మేమే కలిసి ప్రార్థన చేసుకోవడం మానేశామని ఆవిడకు ఎలా చెప్పను? తలూపాను.

నేను వెళ్ళేసరికి ఆకుపచ్చ గౌనులో మంచం మీద వణుకుతూ కూర్చుని ఉంది. సంఘపెద్ద ఏమన్నా అననీ అనుకుని రెండు చేతులూ చాచాను.

"రావే, ప్రార్థన చేసుకుందాం."

ఆమె చేతులు దుప్పటి కిందే ఉంచుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "వద్దక్కా, ఏమనుకోకు. నీ ప్రార్థనకి ఆమేన్ అంటే నాకు పాపం. నువ్వింకా రక్షణలోకి రాలేదు కదా. నీకోసమే ఉపవాసాలుంటన్నాను."

చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆమెను క్రైస్తవుల లెక్కలో వేయాలా వద్దా అని ఇన్నాళ్ళూ నేనే న్యాయాధిపతిలా నలిగిపోయాను. ఆమె లెక్కలో నేనెప్పుడో బయట ఉన్నాను. కోపం వస్తుందనుకున్నాను. భయం వేసింది. అటెండర్ వచ్చి మంచం తోసుకుపోయాడు.

గడ్డలో ప్రమాదమేమీ లేదని తేలింది. ఇప్పటికీ అదే గదిలో ఉంటున్నాం, వంట కూడా కలిసే. తెల్లవారగానే నా రక్షణ కోసం ఆమె ఒక మూల, ఆమె రక్షణ కోసం నేను ఇంకో మూల మోకరిస్తాం. ఒకరి ప్రార్థన ఒకరికి వినపడకుండా గొంతు తగ్గించుకుంటాం.