మిషను మావయ్య గుసగుస

మీసం మొలిచింది మొదలు అది నెరిసేదాకా అచ్చాఫీసులో మిషను నడిపాడు కాబట్టి మా వీధికంతటికీ ఆయన మిషను మావయ్య. ఆ మోతకి రెండు చెవులూ పోయాయి. అక్కడ పనివాళ్ళు చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి కిందికి వంచితే మిషను ఆపమని. తన గుండె మీద తట్టుకుంటే, ఇక నేను చూసుకుంటాను, నువ్వు పోయి పడుకోమని. ఆయనతో కాపురం చేసి చేసి అత్తయ్యకూ ఆ సైగలన్నీ వచ్చేశాయి. మావయ్య గొంతు మాత్రం ఇంటికొచ్చినా మిషను పక్కనే ఉండేది. ఆయన రహస్యం చెబితే వీధి చివర కుక్క లేచేది. పక్క వాటాలో ఉండేదాన్ని, నాకు తెలియదా.

కిందటేడు ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషను చేసి గ్రంథి తీసేశారు. ఇన్సూరెన్సు కంపెనీ కిమ్మనకుండా బిల్లు కట్టింది. ప్రాణం దక్కింది గానీ మగతనం పోయింది. మాత్రలూ ఇంజక్షన్లూ పనిచెయ్యలేదు. లోపల చిన్న పరికరం అమర్చడమే దారి అన్నాడు డాక్టరు. అది ప్రాణావసరం కాదు, సుఖం కోసం చేయించుకునేది, మేం ఇవ్వం అంది కంపెనీ. కాలు తీయించి, కర్ర మాత్రం నీ సరదా అన్నట్టుంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆపరేషను సంగతి తప్ప ఇవేవీ అప్పటికి అత్తయ్యకూ నాకూ తెలియవు. నడుంనొప్పి అని చెప్పి మావయ్య పరుపు చుట్టుకుని ముందుగదిలోకి మారాడు. తనంటే మొహం మొత్తిందనుకుంది అత్తయ్య. నేనేం తప్పు చేశానే అని ఓ రోజు నా దగ్గర కళ్ళు తుడుచుకుంది.

కంపెనీ ఆఫీసుకి ఒక్కడే తిరిగి తిరిగి అలిసిపోయాడు. వెళ్ళినప్పుడల్లా కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచీ కథ. ఆ రోజు కళ్ళు తిరుగుతున్నాయంటే మేమిద్దరం తోడు వెళ్ళాం. పాత బిల్లు గొడవేదో అన్నాడు. మమ్మల్ని వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి, కౌంటరు అద్దంలోని కంతకి నోరు ఆనించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆయన లెక్కలో గుసగుసలాడాడు. హాలంతా విన్నది.

"అమ్మా, ఆ పరికరం పెడితే తప్ప మొగుణ్ణని చెప్పుకోలేను. మా ఆవిడ పక్కన పడుకోవడానికి మొహం చెల్లడం లేదు. ఇంకొక్కసారి అడిగి చూడు తల్లీ."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టడానికి నాకు ఒకరు దొరికేవారు. కౌంటరు పిల్ల తల వంచుకుని, మళ్ళీ అప్పీలు పెట్టుకోవాలని చీటీ మీద రాసి చూపించింది. మావయ్య ఆ అద్దానికే నుదురు ఆనించి నిలబడిపోయాడు.

అత్తయ్య లేచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. వెళ్ళి ఆయన వెనక నిలబడి, ఆ పిల్లతో మెల్లగా అంది.

"పెట్టండమ్మా. జబ్బు ఆయనొక్కడిదే కాదు, మా ఇద్దరిదీ అని రాయండి."

మావయ్యకి అది వినబడలేదు. వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసి ఉలిక్కిపడి, సంతకం ఒకటి తక్కువైందట అన్నాడు. ఆవిడ తల ఊపింది.

సాయంత్రం అత్తయ్య ఆయన పరుపు ఎత్తి లోపలి గదిలో వేసింది. మావయ్య గొంతు గోడ దాటి వచ్చింది. నడుంనొప్పి అన్నానుగా, అసలు సంగతేంటంటే, అని మొదలుపెట్టి ఆగిపోయాడు. వీధంతా వింటుందని గాభరాపడి వాళ్ళ తలుపు దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య ఒక చేత్తో ఆయన నోరు మూసి, రెండో చేత్తో తన గుండె మీద తట్టుకుంటోంది. ఆయన చంకలో ఉన్న దిండు తీసి ఆవిడ చేతికిచ్చాడు.

కంపెనీ జవాబు ఇంకా రాలేదు. ఆ రోజు కౌంటరు దగ్గర గుసగుసగానే చెప్పానని మావయ్య నమ్మకం. అత్తయ్య కాదనలేదు. నన్నూ నోరు మూసుకోమంది.