మా బోరు నీళ్ళలో ఆర్సెనిక్

ఆదివారం చర్చిలో పాట మొదలవగానే అందరితోపాటు చప్పట్లు కొట్టబోయాను. అరచేతుల్లోని గట్టి బొడిపెలు ఒత్తుకుని నొప్పి పుట్టింది. అప్పటిదాకా అవి కత్తెర పట్టి కాచిన కాయలే అనుకున్నాను. నేను జాకెట్లు కుడతాను. ఇంటికొచ్చి చూసుకుంటే అరికాళ్ళలోనూ ఉన్నాయి. ఛాతీ మీద చినుకులు పడ్డట్టు నల్లటి, తెల్లటి మచ్చలు.

మాది చండ్రుగొండ అవతల, అడవిని ఆనుకున్న ఊరు. కొంత దూరంలో బొగ్గు గని ఉంది. మొదట చూపించుకున్న డాక్టర్ అలర్జీ అని ఆయింట్‌మెంట్ ఇచ్చి, నీళ్ళు కాచి తాగమన్నాడు. నెలలు గడిచినా తగ్గలేదు. నడుము మీద ఒక మచ్చ పొలుసులు కట్టి పెద్దదవుతూ వచ్చింది. కుష్టేమోనని ఊళ్ళో గుసగుసలు. పురిటికి వచ్చిన మా అమ్మాయి రూతు, బిడ్డను నా చేతికివ్వడానికి వెనకాడేది. 

ఖమ్మంలో స్కిన్ డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "ఇది అంటుకునేది కాదమ్మా. ఏ నీళ్ళు తాగుతారు?" అని అడిగింది.

"మా ఇంటి బోరు నీళ్ళే మేడం. మంచిగ తియ్యగుంటయ్."

ఆమె, నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చంటూ, మచ్చ ముక్క తీసి చూసే బయాప్సీ, యూరిన్ ఆర్సెనిక్ టెస్ట్ రాసి, బోరు నీళ్ళు కూడా ల్యాబ్‌కు పంపమంది.

ఆ బోరు నీళ్ళే కాచి పాపకు పాలపొడి కలిపాం. రిపోర్టులు వచ్చేదాకా ఉండబట్టలేక మాటిమాటికీ పాప అరచేతులు విప్పి చూసేదాన్ని.

నీళ్ళలోనూ, నా ఒంట్లోనూ ఆర్సెనిక్ ఉంది. మచ్చ పేరు బోవెన్స్ డిసీజ్ అన్నారు. "క్యాన్సర్‌గా మారకముందే దొరికింది. తీసేద్దాం" అంది డాక్టరమ్మ. బొగ్గు పొరల పక్కనుండే రాళ్ళలో ఇలాంటివి రవ్వంత కలిసి ఉండొచ్చట. లోతు బోరు ఆ రాయిని తాకితే నీళ్ళలోకి దిగొచ్చట. రుచీ, వాసనా తెలియదు. కాచినా పోదు సరికదా, నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుందట. ఆ మాట విన్నాక రూతు ముఖం చూడలేకపోయాను.

సర్జరీ అయింది. తాగడానికి వేరే నీళ్ళు తెచ్చుకున్నాం. అయినా తర్వాతి టెస్టులో ఆర్సెనిక్ పెద్దగా తగ్గలేదు. అన్నం మాత్రం మా అత్తమ్మ బోరు నీళ్ళతోనే వండుతోందని అప్పుడు తెలిసింది.

"ఇన్నేండ్లు తాగిన. నాకేమైంది?" అంది అత్తమ్మ.

మర్నాడు మా ఆయన మెకానిక్‌ను పిలిచి బోరులోంచి మోటారు పైకి లాగించేశాడు.

పాపకు చేసిన టెస్టులో కొద్దిగానే కనపడింది. నీళ్ళు మార్చాక అదీ పోయింది. నా అరచేతులు కాస్త మెత్తబడ్డాయి, మచ్చలు మాత్రం పోలేదు. క్రమం తప్పకుండా చెకప్‌కు వెళ్తున్నాను. ఒంటి మీద కొత్త చుక్క కనపడితే ఇప్పటికీ వెలుతురులోకి వెళ్ళి పరీక్షగా చూసుకుంటాను.

గనుల దగ్గర ఉండేవాళ్ళకు ఒకటే చెప్తాను. బోరు నీళ్ళను సూక్ష్మక్రిములకే కాదు, ఆర్సెనిక్ లాంటి లోహాలకు కూడా టెస్ట్ చేయించండి. తగ్గని చర్మరోగంతో దవాఖానాకు పోతే, మీరు తాగే నీళ్ళేవో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.