పెప్పర్ స్ప్రేకు గంధం బొట్టు

ఆ రోజుల్లో మా ఇంట్లో భయపడే పని నాయనది, ఏమీ కాదని వాదించే పని నాది. ఇప్పుడు ఆ రెండు పనులూ నేనే చేసుకుంటున్నాను. పక్కన మా పాప నిద్రపోతోంది. (కాలు మంచం అంచు దాటిందేమోనని ఈ మాట రాసేలోపే లేచి చూసి వచ్చాను. దాటలేదు.) గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పడిందా, రేపు బడి వ్యాను డ్రైవరు కొత్తవాడేమో అని పడుకునేదాకా లెక్కలు వేసే ఈ మనిషి ఒకప్పుడు మిద్దె మీద నిలబడి ఇంటిల్లిపాదినీ ఓడించిందంటే మా ఆయన కూడా నమ్మడు. కానీ అది నిజం. సాక్షులు ఇంకా పాకాలలోనే ఉన్నారు, వాళ్ల కళ్లు కూడా బాగానే ఉన్నాయి.

డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న కాలంలో తిరుపతిలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. కొండకు వచ్చే యాత్రికులకు కార్లు, గదులు కుదిర్చే పని. మధ్యాహ్నం చేరితే చీకటి పడ్డాక వదులుతారు. రైలెక్కి పాకాలలో దిగి, స్టేషన్ నుంచి మామిడి మండీల వీధి గుండా ఇంటికి నడవాలి. మామిడి సీజన్లో ఆ వీధి నిండా లారీలు, తట్టలు, కేకలు. సీజన్ దాటిందంటే కుక్కలు కూడా జతగాళ్లు లేకుండా ఆ దారిన పోవు. నాయన మామిడి తోటలకు మందు కొట్టే స్ప్రేయర్లు అమ్ముతాడు, బాగు చేస్తాడు. సాయంత్రాలు ఏ పల్లెలో ఏ మోటారు ముందు కూర్చుని ఉంటాడో ఆయనకే తెలియదు కాబట్టి రోజూ నాకు ఎదురు రావడం కుదరదు.

"ఆ ఈదిలో రాత్రి పూట నేనే బండి స్పీడు పెంచుతాను. నువ్వు నడిసి వస్తావా? వద్దు మా. ఈడే ఏదన్నా స్కూల్లో సూసుకుందాం" అన్నాడు నాయన.

నేను అన్నం మానేశాను. (మధ్యాహ్నం మాత్రమే. ఆ రాత్రి అమ్మ ఉలవచారు చేసింది.) చివరికి అమ్మ తమ్ముడు రాజీ కుదిర్చాడు. ఆయన బండిని బట్టి మేమంతా బుల్లెట్ మామ అంటాం. "బావా, ఇప్పుడు ఆడపిల్లోళ్లంతా బ్యాగులో పెప్పర్ స్ప్రే పెట్టుకుంటా ఉండారు. పాపకూ ఒకటి కొనియ్యి. రౌడీ నా కొడుకు దగ్గరికొస్తే కొడుతుంది" అన్నాడు. స్ప్రే అనే మాట వినగానే నాయన మొహంలో రంగు మారింది. అంతవరకూ భయపడే తండ్రి, ఆ క్షణం నుంచి ఆ లైన్లో అనుభవం ఉన్న వ్యాపారి.

"అయితే ఒక షరతు. మంచిది ఎంచుకోవాల. దసరా అయినాక నా ముందర తీసి కొట్టి సూపించాల. సరిగ్గా కొడితే ఉద్యోగానికి పో. లేదంటే ఆ మాట ఇంగెత్తకూడదు" అన్నాడు. నేను ఆలోచించకుండా సరే అన్నాను.

ఎంపిక మొదలైంది. ఫోనులో బొమ్మలు చూపిస్తుంటే ఒక్కొక్కరూ ఒక్కొక్క దానికి అడ్డం పడ్డారు. నాయనకు పెద్ద డబ్బా నచ్చింది. "దీంట్లో మందు ఎక్కువ పడుతుంది. రీఫిల్ ఉండాదా? బెల్టు ఉంటే వీపుకు తగిలించుకోవచ్చు గదా?" అన్నాడు. మామిడి చెట్టుకూ మనిషికీ తేడా ఉందని నేను చెప్పాల్సి వచ్చింది. లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్నది నాకు ముద్దుగా అనిపించింది కానీ, "నువ్వు రైలుకు తొందరలో పెదాలకు పూసుకుంటావు, నాకు తెలుసు" అని అమ్మ కొట్టిపారేసింది (ఆమెకు నా గురించి చాలా తెలుసు). నాయన తల్లి, మా అవ్వ, ఆ ధర విని బుగ్గన వేలేసుకుంది. "ఓసి దీని దుంప తెగ, మెరప్పొడికి ఇంత రేటా? మన డబ్బాలో ఉండేది కాగితంలో పొట్లం కట్టిస్తా, తీసుకోని పో."

ఆఖరికి తాళాల గుత్తికి తగిలించుకునే చిన్నది ఎంచుకున్నాను. పిడికిట్లో ఇమిడిపోతుంది. మీటను పక్కకు తిప్పితే తప్ప నొక్కుకోదు కాబట్టి బ్యాగులో తనంతట తాను పేలదు. టిఫిన్ బాక్సు, గొడుగు, దువ్వెన కింద వెతుక్కోవాల్సిన పని లేకుండా చేతిలోనే పట్టుకుని నడవచ్చు. నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఫోనులో అది కొట్టే వీడియో చూసి, ఒకే ఒక ప్రశ్న వేశాడు. "పొగ మాదిరి వస్తుందా, తీగ మాదిరి వస్తుందా?" తీగలాగే వస్తుందన్నాను. "అయితే మంచిది. పొగ మాదిరి వస్తే గాలికి మన మొహానికే కొడుతుంది. నేను రైతులకు చెప్పి చెప్పి నోరు పోయింది, గాలికి ఎదురుగా నిలబడొద్దు రా అని." ఆ మాట అన్నది నాయనే అని దయచేసి గుర్తుంచుకోండి.

స్ప్రే వచ్చింది. వెంటనే ఆయుధపూజ కూడా వచ్చింది. మా ఇంట్లో ఆ పండగ నాడు పని చేసే వస్తువు ఏదీ బొట్టు లేకుండా ఉండదు. నాయన పానాలు, స్ప్రేయర్లు, అమ్మ కుట్టుమిషను, కత్తిపీట, బుల్లెట్ మామ బండి అన్నీ వరసగా కూర్చున్నాయి. అవ్వ గంధం గిన్నె పట్టుకుని ఒక్కొక్కదానికీ పూస్తూ వచ్చి నా తాళాల గుత్తి ముందు ఆగింది. "ఇది కదమ్మా అసలైన ఆయుధం! మిగతావన్నీ కూడు పెట్టేవి, ఇది మానం కాపాడేది" అని దానికి అన్నిటికంటే మందంగా గంధం పూసి, నెత్తిన కుంకుమ పెట్టి, కళ్లకద్దుకుంది. నాకు కూడా ముచ్చటేసింది. ఫోటో తీసుకున్నాను. గంధం ఎక్కడ పూసిందో ఆ ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. మాలో ఒక్కరం కూడా చూడలేదు.

పండగ వెళ్లాక ఆదివారం పొద్దున మిద్దె మీద పరీక్ష. రౌడీ పాత్రకు బుల్లెట్ మామ తనంతట తానే ముందుకొచ్చాడు, హెల్మెట్ పెట్టుకుని. అవ్వకు కుర్చీ వేశాం. అమ్మ స్టవ్ మీద పాలు ఉన్నాయని కిందనే ఉండిపోయింది. నేను బ్యాగు తగిలించుకుని, గుత్తి చేతిలో పట్టుకుని, మండీల వీధిలో నడిచినట్టు మిద్దె మీద నడిచాను. మామ నీళ్ల ట్యాంకు వెనక నుంచి దూకి, "ఏయ్ పాపా, యాడికి పోతా ఉండావు?" అని గొంతు మార్చి అడిగాడు. ముందే అనుకున్నట్టు నేను మామకు పక్కన ఉన్న ఖాళీ వైపు గురి పెట్టి, మీట తిప్పి, నొక్కాను.

ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. ఊహూఁ.

మామ నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "పాపను యాడికైనా ఎత్తుకోని పోవచ్చు బావా ఇప్పుడు!" అని హెల్మెట్ అద్దం పైకెత్తి మరీ నవ్వాడు. నాయన నవ్వలేదు. మొహం వాడిపోయింది. నెమ్మదిగా నడిచి వెళ్లి మామ పక్కన నిలబడి, "సూసినావా మా? అదే మండీల ఈదిలో అయింటే? ఇంగ చాలు, దిగండి" అన్నాడు. నా ఉద్యోగం నా కళ్ల ముందే మిద్దె మెట్లు దిగిపోతున్నట్టు అనిపించింది.

గుత్తిని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను. రంధ్రం ఉండాల్సిన చోట గంధం ఎండి గట్టిపడి ఉంది. నాజిల్ మూసుకుపోవడం! సెలవుల్లో నాయన అంగట్లో కూర్చుని నేను ఎన్నిసార్లు చూశానో ఆ జబ్బును. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి ఆ గంధాన్ని గీకి, రంధ్రంలో పొడిచి, కాస్త తిప్పాను. వేలు గాలిలోకి ఎత్తి చూశాను. గాలి కొండ వైపు నుంచి వీస్తోంది. గాలికి వీపు పెట్టి తిరిగాను.

"నాయనా, పక్కకు జరుగు. మామా, అద్దం దించు."

"అది రాదులే మా" అన్నాడు నాయన.

"కొట్టు పాపా, సూస్తాం" అన్నాడు మామ.

చెప్పాల్సింది చెప్పాను కాబట్టి నొక్కాను. పిన్నీసుతో రంధ్రం కొంచెం పెద్దదైనట్టుంది. తీగలాగా రావాల్సింది పొగలాగా వచ్చింది. నేను ఖాళీ వైపే కొట్టాను, కానీ గాలి దాన్ని మడిచి, తీసుకెళ్లి వాళ్లిద్దరికీ భద్రంగా అప్పజెప్పింది. జిల్లా రైతులందరికీ గాలి పాఠం చెప్పిన మనిషి గాలికి సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఆ తరువాత మిద్దె మీద దగ్గులే దగ్గులు. మామ హెల్మెట్ తీయాలా ఉంచాలా తెలియక గుండ్రంగా తిరిగాడు. నాయన పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. నేను ట్యాంకు కొళాయి విప్పి బకెట్టుతో నీళ్లు తెచ్చి, "రుద్దొద్దండి, కడగండి, కడుగుతూనే ఉండండి" అని అరుస్తున్నాను. ఆ గోల విని పక్కింటి టైలరు భార్య, అక్కా అన్నట్టు మేం ఆపా అని పిలిచే ఆమె, పరుగున మెట్లెక్కి వచ్చి ఇద్దరు మగవాళ్లు బోరున కన్నీళ్లు కార్చడం చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "యా అల్లా! ఏమైంది? పెద్దామె..."

గాలికి ఇవతల కుర్చీలో చెక్కు చెదరకుండా కూర్చున్న అవ్వ చెయ్యి ఊపింది. "నేను బాగుండాను మా. నేను పోకముందే ఏడ్సి పెట్టేస్తా ఉండారు వీళ్లు."

ఆపా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన తడిసిన తలతో, ఉబ్బిన కళ్లతో లేచి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన చెయ్యి చాపి గుత్తి తీసుకుని, నాజిల్ ను ముక్కుకు కాస్త దూరంగా పెట్టుకుని చూశాడు, రైతు తెచ్చిన స్ప్రేయర్ను చూసినట్టే.

"దేంతో తీసినావు?"

"పిన్నీసుతో."

"గాలి సూసుకున్నావా?"

"నువ్వే కదా నాయనా చెప్పింది."

ఆయన ఇంకోసారి దగ్గి, కండువాతో మొహం తుడుచుకుని, మామ వైపు తిరిగి అన్నాడు. "రే, నా కూతురు రేపే తిరపతికి పోతుంది. ఎవుడన్నా అడ్డమొస్తే వాని ఖర్మ." మామ ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. బొటనవేలు మాత్రం పైకెత్తాడు.

మరుసటి రోజు రాత్రి, పిన్నీసు పెట్టనిది, కొత్తది పిడికిట్లో పట్టుకుని మండీల వీధిలో నడిచాను. (నాయనే ఆ ఆదివారం సాయంత్రం తిరుపతి అంగట్లో ఇంకొకటి కొనుక్కొచ్చి, నాజిల్ కు గంధం తగలకుండా చిన్న ప్లాస్టిక్ మూత కూడా వేశాడు.) రాజ్యం గెలిచి వస్తున్నట్టు నడిచాను. ఎవ్వరూ ఎదురు రాలేదు. ఇంటికి వచ్చి, "ఎవురూ రాలేదు నాయనా" అని కాస్త నిరాశగా చెప్పాను కూడా. ఆయన ఆ రాత్రి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. ఆ ఉద్యోగం పెళ్లిదాకా చేశాను. ఆ స్ప్రే గడువు తీరిపోయేదాకా ఒక్కసారి కూడా నొక్కలేదు.

ఇప్పుడు మా పాప వచ్చే వారం బడివాళ్లతో విహారయాత్రకు పోతానంటోంది. బస్సులో పంపాలి, నేను లేకుండా. నాకు వద్దనే అనిపిస్తోంది. ఈ సాయంత్రం అదే చెప్పబోతే ఆ పిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమీ కాదు మా" అంది. అచ్చం ఆ గొంతే. చున్నీ పిన్నీసు చేతిలో పట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుంటున్న ఆ పాకాల పిల్ల గొంతు. ఆమెకు ఎదురు చెప్పి గెలిచినవాళ్లెవరూ లేరు. అనుమతి పత్రం మీద సంతకం పెట్టేశాను.