కాలిన అగ్గిపుల్ల వాసన

మా ఇంట్లో ఇలాంటివి నమ్మేది అమ్మ, నవ్వేది నేను. ఊళ్లో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే గాలి సోకిందనేవాళ్లు. నేను డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. అందుకే 2012లో మాకు జరిగింది ఎవరికైనా చెప్పాలంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

మాది మామిడిపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలయ్యాక అక్కడ సరుకులు దించే విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. పెళ్లయ్యాక నేనూ నా భార్య సునీతా శంషాబాద్‌లోనే ఇల్లు కిరాయికి తీసుకున్నాం. అమ్మ, బాపు ఊళ్లో ఉండేవాళ్లు.

సునీతది బుద్వేల్. ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. ప్రతి ఏడూ బోర్డు మీద అగ్నిపర్వతం బొమ్మ గీస్తుంది. ఎర్ర చాక్‌పీసుతో లావా, తెల్లదానితో పొగ. ఒకసారి ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు నిజంది చూసిండ్రా?" అని అడిగిందట. లేదని చెప్పడం ఆమెకు నామోషీగా అనిపించింది. ఆ సాయంత్రమే నాతో అంది, ఈ వేసవి సెలవుల్లో చూసి తీరాలని.

వెతికి వెతికి ఇండోనేషియా వైపు ఒక చిన్న ద్వీపం పట్టుకుంది. ద్వీపం అంటే ఒక కొండే. చుట్టూ నల్ల ఇసుక, అంచున రెండు మూడు పల్లెలు. పడవలో పోవాలి, తెల్లారకముందే కొండెక్కాలి. పాస్‌పోర్టులు వచ్చాయి. నేను డ్యూటీ నుంచి రాగానే చాయ్ పెట్టుకుని ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లం. ఎక్కడ దిగాలి, ఏ బూట్లు కొనాలి, పైన వాసన ఘాటుగా ఉంటుందట కాబట్టి ముక్కుకు ఏం కట్టుకోవాలి, ఇవే మాటలు.

మాట్లాడుతూ మాట్లాడుతూ సునీత ఒక్కోసారి ఆగిపోయేది. ముక్కు ఎగబీల్చి, వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూసి వచ్చేది. ఏమైందంటే ఏం లేదనేది. గ్యాస్ లీకవుతుందేమోనని నేను పైపు మార్పించాను. నాకైతే ఏ వాసనా రాలేదు.

ఈ ప్రయాణం అమ్మకు అస్సలు నచ్చలేదు. "నిప్పులు కక్కే గుట్ట దగ్గరికి సంబరంగ పోతరా ఎవలన్న?" అని ఫోన్లో అరిచింది. సునీత కూడా ఏదో అనేసింది. దాంతో అత్తాకోడళ్లకు మాటల్లేవు. నేను ఫోన్ చేస్తే అమ్మ నాతో మాట్లాడి పెట్టేసేది.

ఒక ఆదివారం పొద్దున అమ్మ చెప్పాపెట్టకుండా ఆటోలో దిగింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏం కాలుతుందిరా ఇంట్ల?"

"ఏం కాలట్లేదమ్మా. కూసో."

కూర్చోలేదు. గదులన్నీ తిరిగింది. మంచాల కింద కూడా వంగి చూసింది.

"కొన్ని దినాల సంది ఒకటే వాసన. మనింట్ల ఎతికిన, కొట్టంల ఎతికిన. బాపును అడిగితే నీకు పరేషాన్ ఎక్కువైందన్నడు. అది వచ్చినప్పుడల్ల మీ ఇల్లే మనసుల మెదులుతుంది. ఇగ ఉండబట్టలే, వచ్చిన."

ప్రయాణం ఆపడానికి కొత్త ఎత్తు వేసిందనుకున్నాను. నవ్వుతూనే అడిగాను, ఎట్లాంటి వాసన అని.

"అగ్గిపుల్ల గీసి ఊదేసినట్టు. దాని ఎనకనే తడి సున్నం. అప్పుడే సున్నమేసిన గోడ దగ్గర నిలవడ్డట్టు."

వంటింటి గుమ్మంలో సునీత బియ్యం కడుగుతున్న గిన్నెతో నిలబడి ఉంది. గొడవ మొదలవుతుందని భయపడ్డాను. ఆమె గిన్నె కింద పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"అత్తమ్మా, నాక్కూడా అదే వస్తుంది. అగ్గిపుల్ల, తడి సున్నం. నేనెవ్వలకు చెప్పలే."

స్కూల్లో కూడా వస్తోందట. పాఠం మధ్యలో వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది. పోయాక ఎక్కడున్నదో క్షణం పాటు తెలియదు. అగ్నిపర్వతాల గురించి చదివీ చదివీ అలా అనిపిస్తోందనుకుంది. చెబితే నేను ప్రయాణం మానేద్దామంటానని దాచింది.

అమ్మ నిమ్మకాయలు తెమ్మంటుందని, ఎవరినో పిలిపించమంటుందని అనుకున్నాను. అలాంటిదేమీ అనలేదు. సునీత చెయ్యి పట్టుకుని లేపింది.

"లే బిడ్డా, దవాఖానకు పోదాం."

ఆదివారం కదా, రేపు చూద్దాం అన్నది నేనే.

"రేపు లేదు ఎల్లుండి లేదు, ఆటో పిలువు" అంది అమ్మ.

దవాఖానలో డాక్టరు మామూలుగానే రాసుకుంటున్నాడు. లేని వాసన వస్తోందనగానే కలం ఆపి సునీత వైపు చూశాడు. తలకు స్కాన్ తీయించాడు. కణత వెనక చిన్న గడ్డ ఉందని తేలింది. అలాంటి గడ్డలున్నప్పుడు కొందరికి ఇలా వాసనలు వస్తాయని, అలా వచ్చిన ప్రతిసారీ అదొక చిన్న ఫిట్స్ లాంటిదేనని చెప్పాడు. అలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు పెద్దది వచ్చి స్పృహ తప్పి పడిపోయేదన్నాడు. చీకట్లో ఆ కొండ అంచున నడుస్తున్న సునీత నా కళ్లకు కట్టింది.

ఆపరేషన్ రోజు అమ్మ సునీత గాజులు కొంగున ముడేసుకుని వరండాలో కూర్చుంది. మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి గడ్డ మొత్తం తీసేశామన్నాడు. తర్వాత పరీక్షలో అది క్యాన్సర్ కాదని తేలింది. ఆ మాట విన్నాక క్యాంటీన్‌కు వెళ్లి ఉప్పు లేని ఉప్మా రెండు ప్లేట్లు తిన్నాను. తింటుంటే కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అంత రుచైన ఉప్మా మళ్లీ తినలేదు.

సునీతకు ఆ వాసన మళ్లీ రాలేదు. అమ్మకూ రాలేదు. ఎప్పుడు పోయిందని అమ్మనడిగాను.

"వరండాల కూసున్నప్పుడు ఒక్కసారి గుప్పుమని వచ్చింది. మళ్ల రాలే."

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరుకు ఇదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. అమ్మకు కూడా స్కాన్ చేయించాడు. ఏమీ లేదు. మీ ఆవిడ ఎప్పుడైనా మీ అమ్మగారితో అని ఉంటుంది, ఇద్దరూ మరిచిపోయి ఉంటారన్నాడు. వాళ్లకు అప్పట్లో మాటలే లేవు. పోనీ, నిప్పుల కొండ మాట విన్నాక అగ్గిపుల్ల వాసన ఎవరికైనా తట్టవచ్చు. తడి సున్నం సంగతేమిటి?

మరుసటి ఏడాది డాక్టరు సరేనన్నాక ఆ ద్వీపానికి వెళ్లాం. అమ్మ రాలేదు. "నాకెందుకురా ఆ గుట్ట, ఫొటోలు తేండ్రి" అంది. సునీత నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైదాకా ఎక్కింది. పొగ చూసి చిన్నపిల్లలా కేక పెట్టింది.

అమ్మను ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నాకేం ఎరుక? వాసనొచ్చింది, వచ్చిన."

ఇప్పటికీ నేను గాలీ ధూళీ నమ్మను. కానీ అమ్మ ఫోన్ చేసి "అందరు మంచిగున్నరా?" అని అడిగితే, మంచిగున్నం అని చెప్పే ముందు ఫోన్ చేత్తో పట్టుకునే లేచి, ఇంట్లో అందర్నీ ఒకసారి చూసి వస్తాను.