మడమ కదలని బూట్లు

హెలికాప్టర్ మమ్మల్ని మంచులో దింపి వెంటనే వెళ్ళిపోయింది. లేచిన మంచు అణిగాక చూస్తే ఎదురుగా మూడు ఫైబర్ గుడిసెలు, ఒక రేడియో స్తంభం, వెనక మేం ఎక్కాల్సిన కొండ. మైనస్ పద్దెనిమిది. స్కీల మీద గస్తీ తిరగడం నాకదే మొదలు. మాది శ్రీకాకుళం జిల్లా. అంతకుముందు నేను మంచు చూసింది ఐసు బండిలోనే.

స్టోరు హవల్దారు వాడిన బూట్ల గుట్ట చూపించి ఏరుకోమన్నాడు. ఇవి మామూలు స్కీ బూట్లు కావు. వెనకున్న మీట తీస్తే చీలమండ ఆడుతుంది, కొండ ఎక్కొచ్చు. మీట వేస్తే బిగుసుకుంటుంది, జారుతూ దిగొచ్చు. మా ఇళ్ళలో చెప్పులెప్పుడూ ఒక సైజు పెద్దవే కొంటారు, కాలు పెరుగుతుందని. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు. అయినా పెద్దవే తీసుకున్నాను.

మొదటి గస్తీలోనే మడమ బూటులో పైకీ కిందికీ ఆడి తోలు లేచిపోయింది. రేడియోలో పోస్టుకి చెప్పాను, "జూతేనే కాటా" అని. బూటు కరిచిందని నా హిందీ. గాలి హోరులో ఆపరేటర్‌కి అది "కుత్తేనే" అని వినిపించింది. కుక్క కరిచిందనుకుని డాక్టర్ని పిలిచాడు. డాక్టరే మైకు అందుకున్నాడు.

"కుక్క ఇంకా బతికే ఉందా? ఓవర్."

"నా కాలికే ఉంది సార్. ఓవర్."

ఆ చలికాలమంతా పోస్టులో నేను కుక్క కరిచినవాణ్ణే. హవల్దారు మాత్రం కడుపుబ్బ నవ్వి, తర్వాత కూర్చోబెట్టి బూట్లు ఎంచుకోవడం నేర్పాడు. ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ఇప్పుడు మేముండేది సింగపూర్‌లో, బెడోక్‌లో. నా భార్య పద్మ ఇక్కడ నర్సు. నేను ఫౌజు నుంచి రిటైరై సైన్స్ పార్కులో సెక్యూరిటీ చూస్తున్నాను. పోయినేడు పద్మ ఒక్కటే కోరింది.

"మీరు సలికాలాలన్నీ ఆ మంచులోనే గడిపేసినారు. నేను ఫోను కాడే కూకున్నాను. ఒక్కపాలి నన్నూ మంచు కొండ ఎక్కించండి."

జపాన్‌లో ఒక చిన్న కొండ అనుకున్నాం. పద్మకి కొత్త బూట్ల ధర చూస్తే విమానం టిక్కెట్లే నయమనిపించింది. యూ టీ అనే పేటలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన తన ఇంట్లో ఆడవాళ్ళు వాడిన రెండు జతలు అమ్మకానికి పెట్టాడు. రెండూ మాకు అందే ధరే. ఒకటి నారింజ రంగులో తళతళలాడుతోంది, వదులుగా ఉంది. రెండోది గీతలు పడిన బూడిద రంగుది, బిగుతు.

"ఏటండీ ఇది, కాలు కదల్దు! ఆ పెద్దదే తీసుకుందాం. రెండు మేజోళ్ళేసుకుంటే సరిపోద్ది," అంది పద్మ.

అచ్చంగా మా అమ్మ మాట. లోపలి మెత్తటి తొడుగు లాగేసి, ఆమె ఉత్త కాలు బూటు పైనున్న గట్టి డిప్పలో పెట్టించాను. కాలి వేళ్ళు ముందు తగలాలి, మడమ వెనక రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు. నారింజ దానిలో నా పిడికిలి దూరింది. బూడిద దానిలో రెండు వేళ్ళు కష్టంగా పట్టాయి. ముందు కొసన స్కీ పట్టుకునే గుంటలు కూడా అరగలేదు.

"అంకుల్ కరెక్ట్ లా, ఆంటీ. స్కీ బూట్, నాట్ స్లిపర్," అన్నాడు అమ్మేవాడు సింగపూర్ ఇంగ్లీషులో.

పద్మ మూతి ముడిచింది. నేను తగ్గలేదు. మడమ తెగితే గైడు సగంలోనే వెనక్కి తిప్పేస్తాడు. అంత సెలవు ఆమెకి మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. బిగుతువే కొన్నాం. ఆ తర్వాత రోజూ అవి తొడుక్కుని చెమటలు కక్కుతూ బ్లాకు మెట్లు ఎక్కింది. లిఫ్టు పాడైందా అని ఎదురింటి ఆంటీ కంగారుపడింది.

జపాన్‌లో కింది వాలు మీద వారం నేర్చుకుని, చివరి రోజు కొండెక్కాం. పద్మ ముందు, నేను వెనక. మడమ ఎలా ఉందని మాటిమాటికీ అడిగాను.

"నా మడమకేటీ కాలేదు, మీరు నడండి," అని కసిరింది. తీరా శిఖరం దగ్గర మొరాయించింది నా మోకాలు.

తిరిగొచ్చి బెడోక్ ఉక్కలో పడ్డాం. ఇన్నేళ్ళూ మంచు అంటే నాకు గస్తీలో ముందువాడి వీపు గుర్తొచ్చేది. ఇప్పుడు పద్మ ముఖం. ముక్కు ఎర్రబడి, రొప్పుతూ, పది అడుగుల పైన ఆగి వెనక్కి తిరిగిన ముఖం. అన్ని చలికాలాలు నాకోసం ఎదురుచూసిన మనిషి, ఆ రోజు నన్ను చూస్తూ ఎదురుచూసింది.