మేకుల్లేని పెట్టె

మొన్న టెక్కలిలో పనస దుంగలు కోస్తున్న మిల్లు పక్కగా వెళ్తుంటే, ఆ తియ్యటి వాసన నన్ను ఉద్దానంలోని మా వాకిట్లో కూర్చోబెట్టింది.

అప్పుడు నాకు పాలపళ్లు ఊడుతున్నాయి. వడ్రంగి మావేమో పనస పలకలకు పళ్లు మొలిపిస్తున్నాడు. చేపల వేటకెళ్లే నాన్న పడవలో అన్నం దాచుకునే పెట్టె అది. ఒక పలకకి పావురం తోకల్లా విచ్చుకున్న పళ్లు, రెండో పలకకి అవి సరిగ్గా పట్టే సందులు. ఒక్క మేకూ లేదు. పళ్లు ఊడటంలో నాకున్న అనుభవంతో బెంగపడి, గుప్పెడు మేకులు ఏరి తెచ్చాను.

“ఇవేటే గుంటా?” అన్నాడు మావ.

“పెట్టి ఊడిపోతాది మావా. నాన్న కూడు సముద్రంలో పడిపోతాది.”

మావ నవ్వి, పలకలు కలిపి కొయ్య సుత్తితో తట్టాడు. సన్నటి గీత తప్ప సందే లేదు.

“లాగి సూడు.”

బలమంతా పెట్టి లాగాను. నేనే వెల్లకిలా పడ్డాను.

“ఉప్పునీళ్లకి మేకులు తుప్పట్టి సత్తాయి. సెక్క ఉబ్బి, ఇంకా బిగుత్తాది.”

బోసినోరు తెరుచుకుని సముద్రం వైపు చూశాను. నేను భయపడే ఆ నీళ్లే పెట్టెను పట్టి ఉంచుతాయట! నా బెంగ పెట్టె గురించి కాదని ఇప్పుడు తెలుస్తోంది. మర్నాడు నాన్న పడవెక్కుతుంటే మొదటిసారి ఏడవలేదు.