తిరగేసిన చొక్కా

మా ఆవిడ ఆక్యుపేషనల్ థెరపిస్టు అని చెబితే, "అంటే ఉద్యోగాలు ఇప్పిస్తారా?" అని అడుగుతారు. లేదు, బడిపిల్లల్ని ఉయ్యాల ఊపుతుంది అంటాను. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు!

అబద్ధమేమీ కాదు. బడిలో ఆవిడ గది నిండా ఉయ్యాలలు, పెద్ద బంతులు, ఇసుక తొట్లు. మనం పట్టించుకోని చప్పుడు, వెలుతురు, బట్టల కుట్టు కొందరు పిల్లలకు భరించలేనంతగా తగులుతాయి. వాళ్ళను క్లాసులో స్థిమితంగా కూర్చోబెట్టడం ఆవిడ పని. ఏ చిట్కా అయినా ముందు తన మీద, తర్వాత నా మీద ప్రయోగిస్తుంది. నా చొక్కాల మెడ చీటీలన్నీ ఎప్పుడో కత్తెరకు బలైపోయాయి. దుకాణంలో సైజు అడిగితే తెల్లమొహం వేస్తాను.

ఈమధ్య ఒక రెండో తరగతి పిల్ల గురించి ఆవిడకు బెంగ పట్టుకుంది. సాక్సు కుట్టు వేలికి తగిలితే ఆ పిల్లకు ముల్లు దిగినట్టే. బూట్లూ సాక్సులూ విప్పి పారేసి క్లాసులోంచి ఒకటే పరుగు. "ఈ వారం చూస్తాను. బూట్లు, సాక్సులతో కూర్చోలేకపోతే వేరే బడి చూసుకోండి" అని హెడ్‌మిస్ట్రెస్ తల్లితో చెప్పేసింది. ఆ పిల్లకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు ఆ క్లాసులోనే ఉంది. మా ఆవిడకు అన్నం సయించడం లేదు.

రోజూ పొద్దున్నే ఆ పిల్ల చేత వరండాలో పుస్తకాల బండి తోయించేది. బరువు తోస్తే ఒళ్ళు కుదుటపడుతుందట. నిన్న బండి తోయించాక, కుట్టు బయటికి వచ్చేలా సాక్సులు తిరగేసి ఇచ్చింది.

"అందరూ నవ్వుతారు," పిల్ల మొండికేసింది.

"అయితే నా చొక్కా కూడా తిరగేసుకుంటా. నువ్వు విప్పేదాకా నేనూ మార్చుకోను. సరేనా?"

అన్నట్టే చొక్కా తిరగేసుకుంది. అంతలో హెడ్‌మిస్ట్రెస్ ఇద్దర్నీ పిలిచింది. మా ఆవిడ కుట్లూ దారప్పోగులూ వేలాడేసుకుని అదే అవతారంతో వెళ్ళింది.

"ఏంటమ్మా ఆ చొక్కా?"

ఆవిడ నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. "ఇలా వేసుకుంటే గుచ్చుకోదు మేడమ్. నా సాక్సులూ అంతే. మీరూ వేసుకుని చూడండి."

హెడ్‌మిస్ట్రెస్ వంగి పిల్ల కాళ్ళకేసి చూసి నవ్వేసింది. "బూటు లోపల ఎటు తిరిగుంటే నాకేం? వెళ్ళి కూర్చో."

సాయంత్రం తలుపు తీసేసరికి ఎదురుగా మా ఆవిడ, కళ్ళనిండా నీళ్ళతో.

"ఏమైంది?"

"చివరి గంట దాకా కూర్చుందండీ! స్నేహితురాలి పక్కనే."

"మరి ఈ చొక్కా ఏంటి? బస్సులో ఇలాగే వచ్చావా?"

"ఇంటికెళ్ళేటప్పుడు కూడా అది సాక్సులు విప్పలేదు. నేనెలా మార్చుకుంటాను?"

ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఇస్త్రీపెట్టె నా వంతు కాబట్టి, రేపటికి ఏ చొక్కా కావాలని అడిగాను.

"ఏదైనా సరే. తిరగేసి చెయ్యండి."